ఎనుబదేండ్ల ఆటవెలది: టీకా తాత్పర్య సహితం

మూలం:

నాన్నకెనుబదంట నలుగుర్ని పిలవాలి
హాలు చూడు తమ్మి అందరొక్క
రోజు సెలవు పెట్టి రూపాయి వెనుకాడ
కుండ చేయవలయు కూర్మితోడ

అవతారిక: డాలస్‌లో ఉన్న పెద్దక్క, మలక్‌పేటలో తండ్రిని పెట్టుకుని ఉంటున్న తమ్ముణ్ణి ఉద్దేశించి, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో అర్ధరాత్రి వదిలిన పద్యమిది. వ్యాఖ్యాత ఆ ఇంటి చిన్నల్లుడు. ఖర్చులో వాటా లేనివాడు కనుక నిష్పక్షపాతి. ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని మెదక్ సీమ కొల్చారం మల్లినాథసూరి పెట్టుకున్న నియమంలో మొదటి సగం పాటించడానికి యథాశక్తి ప్రయత్నించాడు.

టీక: నాన్నకు = షష్ఠీ విభక్తి. మామగారు పుట్టిన తిథి కూడా షష్ఠే. పార్థివ నామ సంవత్సర శ్రావణ బహుళ షష్ఠి, అనగా 1945 ఆగస్టు. పద్యం మొత్తంలో ఆయన ప్రస్తావన ఈ ఒక్క విభక్తితో సరి.

ఎనుబది + అంట = ఎనభై ఏళ్ళట. ఇందులో 'అంట' అతి కీలకం. కన్నకూతురికే అనుమానం ఎందుకంటే, మామగారికి ఎనభై మూడుసార్లు నిండుతుంది. బడిలో వేసిననాడు పంతులుగారు పిల్లవాణ్ణి ఎగాదిగా చూసి 1-7-1944 అని రాసుకున్నారు. తపాలా శాఖ ఆ తేదీనే నమ్మింది. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారుకు ఎనభై నిండిన నెల నుంచి మూల పింఛను మీద ఇరవై శాతం అదనం. ఆ లెక్కన ఆయనకు 2024 జులైలోనే ఎనభై నిండింది, బ్యాంకులో పడింది కూడా. ఆయన దృష్టిలో అసలు పుట్టినరోజు అదే.

తిథి ప్రకారం 2025 ఆగస్టు 14. ఆనాడు గ్రూపులో పువ్వుల బొమ్మలు తప్ప ఏమీ పడలేదు.

మూడోది శతాభిషేకం. దీనికి వెయ్యి పున్నములు చూసి ఉండాలి. ఎనభై ఏళ్ళ ఎనిమిది నెలలని పెద్దలు టకీమని చెప్పేస్తారు గానీ, పున్నమికీ పున్నమికీ మధ్య సగటున ఇరవై తొమ్మిదిన్నర రోజుల పైచిలుకు. వెయ్యింటికి 29,530 రోజులు. అంటే ఎనభై ఏళ్ళ పది నెలలు. పందొమ్మిదేళ్ళకు ఏడు చొప్పున అధిక మాసాలు వచ్చి ఆదుకోబట్టి సరిపోయింది గానీ, ఏడాదికి పన్నెండే లెక్కనైతే ఎనభై మూడు దాటాలి. మామగారి మొదటి పున్నమి 1945 సెప్టెంబరులో. వెయ్యోది 2026 జూన్ 29, నిజ జ్యేష్ఠ పూర్ణిమ, ఏరువాక పున్నమి. ఇంతవరకు శాస్త్రం నిర్దుష్టం. దోషమల్లా ఒకటే: ఆ రోజు సోమవారం.

నలుగుర్ని = మూడు వందల యాభై మందిని. హాలు వాడి పరిభాషలో దీన్ని మినిమం గ్యారంటీ అంటారు.

చూడు = వెతుకు, బేరమాడు, అడ్వాన్సు కట్టు, మిగతాది కూడా కట్టు. ఒక్క ధాతువుకు ఇన్ని అర్థాలు పద్యం పంపినవారికి మాత్రమే తెలుసు. తమ్మి అంటే తామర అని నిఘంటువు. బురదలో దిగేది ఇతడే కనుక శ్లేష.

హాలు = మూసారాంబాగ్‌లో ఒకటి చూశాం, ఏసీ ఉంది, లిఫ్టు లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో లిఫ్టు ఉంది, బండి పెట్టే చోటు లేదు. చివరికి మలక్‌పేటలోనే కుదిరింది. ఎల్బీనగర్ చిన్నాన్న మెట్రో ఎక్కితే ఆరో స్టేషను, దిగితే నడక దూరం. మిగతా వాళ్ళు కార్లలోనే వస్తామన్నారు. 1886లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ గుర్రప్పందేలను మౌలాలి నుంచి ఇటు తెచ్చినప్పుడే పార్కింగు సంగతి ఆలోచించినట్టు లేదు. రసీదు పుస్తకంలో పెండ్లి, ఎంగేజ్‌మెంట్, హాఫ్ శారీ, ధోతి ఫంక్షన్ అని గళ్ళున్నాయి. శతాభిషేకం అంటే గుమస్తా పెన్ను ఆపి, కాసేపు చూసి, ధోతి ఫంక్షన్ దగ్గర టిక్కు పెట్టాడు. ధోవతి ఎటూ కడతారు కదా అని అతని తర్కం. కాదనలేకపోయాం.

అందరొక్క రోజు సెలవు పెట్టి = అసంభవం. ఈ భాగం ప్రక్షిప్తమని వ్యాఖ్యాత అభిప్రాయం.

రూపాయి వెనుకాడకుండ = ఎవరి రూపాయో కవయిత్రి చెప్పలేదు. మాంసం పెట్టాలా వద్దా అన్న చర్చ రెండు వారాలు సాగింది. హోమం ఉంది గనుక శాకాహారమే అని తేలాక పెద్దబావ గ్రూపులోంచి వెళ్ళిపోయాడు, వంకాయ బగారా పెడతామన్నాక తిరిగి వచ్చాడు.

ఛందోవిశేషం: మూడో పాదంలో రోజుకూ రూపాయికీ యతి చెల్లింది. బయట చెల్లలేదు.

తాత్పర్యం: సోమవారం ఎవరికీ సెలవు దొరకదు. హాలు ఆదివారం, జూన్ 28న ఖాళీ. అయ్యగారు పంచాంగం తిప్పి, ఆనాడు చతుర్దశి, రిక్త తిథి, పైగా తొమ్మిది వందల తొంభై తొమ్మిది పున్నములే అవుతాయి అన్నారు. ఇంటిల్లిపాదీ అడ్వాన్సు రసీదు ఆయన ముందు పెట్టారు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చదివి, ఉదయం పదకొండుకు ముందైతే హోమానికి అభ్యంతరం లేదన్నారు.

అప్పటిదాకా పడక్కుర్చీలో పేపరు చదువుతున్న మామగారు కళ్ళద్దాలు తీశారు. "తక్కువపడ్డ ఆ ఒక్క చంద్రుణ్ణి సోమవారం డాబా ఎక్కి నేను చూసుకుంటా గానీ, మీరు ఆఫీసులకు పొండి. అద్దెకుర్చీలు మాత్రం ఎవరన్నా ఆదివారమే లెక్కపెట్టి అప్పజెప్పండి. షష్టిపూర్తికి నాలుగు పోయినయ్."