గుండు కొలత: చెవిన పెట్టకూడని సలహాలు

"రివాల్వర్ పేరే 44 కదా, 0.44 అంగుళాల గుండు కొనుక్కో." అమెరికాలో బ్లాక్ పౌడర్ రివాల్వర్ కొత్తగా కొన్నవాడికి దొరికే చెడ్డ సలహాల్లో మొదటిది ఇదే. 44 అనేది పిలుపు మాత్రమే. కోల్ట్ 1860 ఆర్మీ, రెమింగ్టన్ న్యూ మోడల్ ఆర్మీలను చూసి ఇటలీలో ఇప్పుడు చేస్తున్న వాటికి మామూలుగా పట్టేది 0.451 లేదా 0.454 అంగుళాల గుండు. 36 అని పిలిచే 1851 నేవీకి 0.375, రూగర్ ఓల్డ్ ఆర్మీకి 0.457. ఆ 44లో 0.44 గుండు వేస్తే నిలవదు, జారిపోతుంది.

"సులువుగా దిగే గుండే మంచిది" అనే సలహా ఇంకా ప్రమాదం. గుండు చాంబర్ మూతికన్నా కాస్త పెద్దదిగానే ఉండాలి. లోడింగ్ లివర్ గట్టిగా నొక్కితే మూతి అంచు మెత్తటి సీసాన్ని చెక్కేస్తుంది. వెంట్రుకంత సన్నటి సీసపు ఉంగరం ఊడి వస్తుంది. దాన్ని పారేసే ముందు వేళ్ల మధ్య పట్టుకుని చూడండి. చుట్టూ తెగకుండా వచ్చిందా, గుండు సరైనదే. సగమే వచ్చిందా, రెండో పక్క గుండు గోడకు ఆనలేదు. అలా వదులైన గుండు, పక్క చాంబర్ పేలిన కుదుపుకి ముందుకు జరిగి సిలిండర్‌ని తిరగనివ్వదు. అంతకన్నా ఘోరం, ఆ సందులోంచి మంట లోపలికి దూరితే బ్యారెల్‌కి ఎదురుగా లేని చాంబర్ కూడా పేలుతుంది.

"పైన గ్రీజు రాస్తాంగా" అంటారు. రాయండి, మసి గట్టిపడకుండా ఉంటుంది. కానీ మొదటి దెబ్బ వేడికే పక్క చాంబర్ల మీది గ్రీజు కరిగి చెదిరిపోతుంది. దాన్ని నమ్ముకుని వదులు గుండు వేయడం తప్పు.

కారు చక్రాలకు తగిలించే పాత సీసపు బరువుల్ని కరిగించి గుండ్లు పోసుకోమనే వాళ్లూ ఉన్నారు. అందులో యాంటిమొనీ కలిసి ఉంటుంది, గట్టిది. లివర్ వంగేదాకా నొక్కాల్సి వస్తుంది. స్వచ్ఛమైన సీసమే వాడాలి.

ఇక కొలవడం. ఖాళీ సిలిండర్ ఊడదీసి, ఆరు చాంబర్ల మూతులూ కాలిపర్‌తో కొలవండి. 0.446 దగ్గర ఉంటే 0.451 చాలు, 0.450 దాకా ఉంటే 0.454 తీసుకోండి. లివర్ మరీ మొరాయించకపోతే పెద్దదానికే నా ఓటు. చెక్కుడు పోగా దాని నడుమున పట్టీ వెడల్పుగా మిగులుతుంది, బ్యారెల్ గాడులు పట్టుకునేది ఆ పట్టీనే.