తపాలాలో వచ్చిన నాదబ్రహ్మము

“ఈ విద్య గురుముఖతః మాత్రమే నేర్వదగినది” అని, గురువును పంపక పుస్తకమును మాత్రమే తపాలాలో పంపినవారు, ఆ పుస్తకపు మొదటి పుటలోనే అచ్చువేసియున్నారు. కొన్ని దినములుగా ఆ వాక్యము నన్ను వేధించుచున్నది. ఏ పట్టభద్రుడైనను సంగీతమున ఎం.ఏ. చదువవచ్చునని ప్రకటించి, రుసుము పుచ్చుకొని, రసీదు పంపిన పిదప గదా ఈ రహస్యమును వెల్లడించుట! నాకు లభించిన గురుముఖము పోస్టుమానుది. ఆయనయు సంతకము పెట్టించుకొనునంతవరకే నా యెదుట నిలుచును.

సరళీస్వరములనైనను గొంతెత్తి పాడియెరుగని నేను మనోధర్మ సంగీతమును గూర్చి పుటలకు పుటలు వ్రాయుచున్నాను. శంకరాభరణమునకును కల్యాణికిని భేదమేమని యడిగినచో, మధ్యమమొక్కటే యని తడుముకొనక వ్రాసి మార్కులు గైకొందును. ఆ రెంటిని ఎవరైన పాడి వినిపించినచో మాత్రము, రెండును మిక్కిలి బాగున్నవనియే నా యభిప్రాయము.

అయినను, వృత్తిచే పద్దులు వ్రాయువాడనగుటచే, నాకును చేతనైన భాగమొకటి దొరకినది. 12 స్వరస్థానములకు 16 పేర్లు పెట్టుట మా కార్యాలయమున జరిగినచో ఆడిటరు ఊరకుండడు గాని, ఆ పేర్లతోనే వేంకటమఖి 17వ శతాబ్దమున 72 మేళములకు లెక్క తేల్చెనని చదివి పరవశుడనైతిని. మేళకర్త పేరులోని మొదటి రెండక్షరములకు కటపయాది సూత్రముచే అంకెలు కట్టి తిరుగవేసినచో దాని సంఖ్య వచ్చును: ధీరశంకరాభరణమున ధీ 9, ర 2, తిరుగవేయగా 29. ఇక నన్ను పట్టువారెవరు? పెసరట్టు 71, కోసలము. కాఫీ 21, కీరవాణి. కాఫీ యను పేరుగల రాగము 22వ మేళమైన ఖరహరప్రియకు జన్యమై యుండగా, మా యింటి కాఫీ మాత్రము ఒక మెట్టు దిగిపోవుట పాలలోని నీళ్లవలననే యని నా యనుమానము. పరీక్షయు 21, కీరవాణియే. పట్టా 11, కోకిలప్రియ. ఏ కోకిలకు ప్రియమో తెలియదు. రుసుము 72, రసికప్రియ. రసీదును 72 యే, కనుక ఆ పద్దు సరిపోయినది. “మీ కోసలం చల్లారిపోతోంది, ముందు తినండి” అని మా యావిడ కేకవేయువరకు ఈ గణితము సాగినది. ఆ ఊపులోనే ‘నేను’ అను మాటకును అంకెలు కట్టితిని. నే సున్న, ను సున్న. ఎటు తిరుగవేసినను మేళము లేదు.

సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురమున వెలువరించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని తెలుగు లిపిలోనే యున్నది; గమకములకు సైతము గుర్తులు పెట్టి ఆయన దానిని అచ్చువేయించెను. ఆ లిపి రాని తమిళులు తరువాత దానిని తమ లిపిలోనికి మార్చుకొని పాడుకొనుచుండగా, తెలుగు నా మాతృభాషయై, ప్రతి యక్షరమును తప్పులేకుండ చదువగలిగియు, ఆ పుటలలో నాకొక్క స్వరమైనను వినబడదు. చిన్ననాడు ఎవరైన నన్నొక శ్రుతిపెట్టె యెదుట కూర్చుండబెట్టినచో వినబడెడిదేమో.

ఈ మారు వచ్చిన ప్రశ్న గమకములను సోదాహరణముగ వివరింపుమని. శార్ఙ్గదేవుడు చెప్పిన 15ను వరుస తప్పక వ్రాసితిని. ఉదాహరణములకు విడిచిన చోటు మాత్రమింకను ఖాళీగానే యున్నది, గడువు సోమవారము.