నేను నేర్పిన అంకెలు

ఉద్యోగం ఇంటర్వ్యూలో చెప్పిన ఒక మాటను నేను వెనక్కి తీసుకోవాలి. ఆ రోజు నా ఎదుట కూర్చున్నవాళ్లు ఇప్పుడు ఎక్కడెక్కడ ఉన్నారో తెలియదు. కనిపించినా వాళ్లకు గుర్తుండకపోవచ్చు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. విశాఖపట్నంలో బీఫార్మసీ పూర్తయింది. బస్తర్ పల్లెల్లో వైద్య శిబిరాలు పెట్టే ఒక సంస్థకు ఫార్మసిస్టు కావాలని తెలిసి జగదల్‌పూర్ వెళ్లాను. బల్లకు అవతల ముగ్గురున్నారు. ఆదివాసీలతో మీకు పరిచయం ఉందా అని అడిగారు. తడుముకోకుండా చెప్పాను: ‘నేను బచేలీలో పుట్టి పెరిగాను. మా ఇంట్లో పనిచేసిన గోండు ఆమెకు అంకెలు నేర్పింది నేనే. అప్పుడు నాకు ఐదేళ్లు.’ ముగ్గురి ముఖాలూ వికసించాయి. ఒకాయన కాగితం మీద ఏదో రాసుకున్నారు. వారం తిరక్కుండా ఉద్యోగం వచ్చింది.

మొదటి జీతంతో అమ్మకు చీర, నాన్నకు వాచీ కొన్నాను. జగదల్‌పూర్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. జీవితంలో మొదటిసారి నా పేరు మీద కరెంటు బిల్లు వచ్చినప్పుడు దాన్ని మడిచి పర్సులో దాచుకున్నాను. ఇవన్నీ ఆ ఒక్క మాట మీద నిలబడినట్టు ఇప్పుడు అనిపిస్తుంది.

మాది శ్రీకాకుళం జిల్లా. నాన్న బైలడిల్లా కొండ మీది ఇనుప గనిలో డంపర్ నడపడానికి వచ్చారు. బైలడిల్లా అంటే ఎద్దు మూపురం. కింద నుంచి చూస్తే ఆ కొండల వరుస అలాగే ఉంటుంది. జపాన్‌కు ఖనిజం పంపడానికి 1960ల్లో కొత్తవలస నుంచి కిరండూల్ దాకా రైలు మార్గం వేసినప్పటి నుంచీ ఉత్తరాంధ్ర మనుషులు ఆ దారినే వచ్చి కిరండూల్‌లో, బచేలీలో స్థిరపడుతున్నారు. మా క్వార్టర్లలో శ్రీరామనవమికి పందిరి వేసేవారు, సంక్రాంతికి ముగ్గులు పడేవి. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, పరీక్షలకు ఇంగ్లీషు. చుట్టూ ఉన్న ఊళ్ల భాష మాత్రం మా గేటు దాటి లోపలికి రాలేదు. అలా అనుకుంటూ పెరిగాను. నిజానికి అది రోజూ పొద్దున్నే వచ్చేది, నాకు అన్నం తినిపించేది.

ఆమె మొదట అడ్డాకు విస్తళ్లు అమ్మడానికి వచ్చిందట. అమ్మకు ఒంట్లో బాగుండని రోజుల్లో నన్ను ఎత్తుకోవడానికి ఉండిపోయింది. నాకు రెండేళ్లప్పుడు వచ్చి పదేళ్లు వచ్చేదాకా ఉంది. ఇంట్లో అందరం ‘బాయి’ అనేవాళ్లం. ఆమె పేరు నాకు ఇరవై నాలుగేళ్లు వచ్చాక తెలిసింది. ఇక్కడ రాయడానికి ఆమెను అడగలేదు కాబట్టి రాయను.

ముద్దలు లెక్కపెట్టి తినిపించేది. ఉండి, రండ్, మూండ్, నాలుంగ్. నాకు ఒళ్లు మండేది. ‘రండ్ కాదు, రెండు. మూండ్ కాదు, మూడు. నాలుంగ్ కాదు, నాలుగు’ అనేదాన్ని. హైయుంగ్ అంటే ఐదు అని, హారుంగ్ అంటే ఆరు అని దిద్దేదాన్ని. ఆమె నవ్వి నేను చెప్పినట్టే అనేది. మర్నాడు మళ్లీ రండ్ దగ్గరే మొదలయ్యేది. ‘మనింట్లో ఉండి ఉండి నాలుగు తెలుగు ముక్కలు నేర్చేసుకుంది. నోరు తిరగదు పాపం’ అని అమ్మ పక్కింటివాళ్లతో అనేది. అది వింటూ నేను పొంగిపోయేదాన్ని. చుట్టాలొస్తే బాయిని పిలిచి వాళ్ల ముందు అంకెలు చెప్పించేదాన్ని. ఆమె నిలబడి చెప్పేది. వాళ్లు నవ్వేవాళ్లు. నేను దిద్దేదాన్ని.

చిన్నపిల్లవి, ఏం తెలుస్తుంది అని ఎవరైనా అనవచ్చు. ఐదేళ్ల పిల్ల సంగతి వదిలేయండి. ఇరవై మూడేళ్ల మనిషి అదే మాటను ఉద్యోగం కోసం వాడుకుంది. మధ్యలో పద్దెనిమిదేళ్లు గడిచాయి. ఆ అంకెలు ఎక్కడివని ఒక్కసారీ నాకు అనుమానం రాలేదు.

ఆ ఏడు ఆగస్టులో నారాయణ్‌పూర్ వైపు ఒక ఊళ్లో శిబిరం పెట్టాం. వాన పడుతోంది. బడి వరండాలో మందుల బల్ల. జ్వరంతో వచ్చిన ఒక ముసలావిడకు మాత్రలు ఇస్తూ పొద్దునొకటి, రాత్రొకటి, రోజుకు రెండు అని హిందీలో చెప్పాను. ఆవిడకు అర్థం కాలేదు. రెండు వేళ్లు చూపించాను. ఇప్పుడే రెండూ వేసుకోమన్నాననుకుని నోట్లో పెట్టుకోబోయింది. వెనక వరసలో ఉన్న ఒకామె ముందుకొచ్చి చెయ్యి పట్టుకుని ఆపి ఏదో వివరించింది. ఆ మాటల మధ్యలో ‘రండ్’ వినబడింది. ముసలావిడ తలూపి తనూ ‘రండ్’ అంది.

నా చేతిలో మందుల పొట్లం అలాగే ఉండిపోయింది. బచేలీకి ఎంతో దూరంలో ఉన్న ఊరది. తెలుగువాళ్ల ఇళ్లు లేవు, అంకెలు దిద్దే నాలాంటి పిల్లలూ లేరు.

అప్పుడైనా బుద్ధి తెచ్చుకుని ఉండాల్సింది. తిరుగు ప్రయాణంలో డ్రైవరుతో, ‘చూశావా, మా కాకతీయులు ఇక్కడిదాకా తెలుగు నేర్పి వెళ్లారు’ అన్నాను. బడిలో మాస్టారు చెప్పగా విన్న కథే. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సైన్యాల చేతిలో పడ్డాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఇటు వచ్చి రాజ్యం స్థాపించాడని, దంతేశ్వరి ఆయనతో కలిసి వచ్చిన దేవత అని బస్తర్‌లో అందరూ చెప్పుకుంటారు. మా క్వార్టర్లలో ఆ కథ మరీ ఇష్టంగా చెప్పుకునేవాళ్లం. పరాయి నేల మీద బతుకుతున్నవాళ్లకు, ఇది ఒకప్పుడు మనవాళ్లు ఏలిందే అనుకోవడంలో ఒక ధైర్యం ఉంటుంది. ఆ ధైర్యం నా చెవులు మూసేసింది.

డ్రైవరు మురియా గోండు కుర్రాడు, నా ఈడువాడే. బండి నడుపుతూనే, ‘అది తెలుగు కాదు దీదీ, మా మాట. మేం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు’ అన్నాడు. కోపంగా అనలేదు. ఆ తర్వాత జగదల్‌పూర్ వచ్చేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

ఆ రాత్రి ఫోనులో వెతకడం మొదలుపెట్టి తెల్లవారేదాకా చదివాను. తర్వాత విశాఖ వెళ్లినప్పుడు పుస్తకాలు చూశాను. పి.ఎస్. సుబ్రహ్మణ్యం గారి గోండి వ్యాకరణం 1968లోనే అచ్చయింది. నేను పుట్టడానికి ముప్పై ఏళ్ల ముందు ఒక తెలుగు పండితుడు ఈ భాషను శ్రద్ధగా విని రాసిపెట్టాడు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఇంకా ముందుకు వెళ్లి, ద్రావిడ భాషల కుటుంబంలో తెలుగును గోండి, కుయి, కువి, కొండ భాషలతో ఒకే గుంపులో పెట్టారు. తమిళం, కన్నడం మనకు దాయాదులైతే గోండి తోబుట్టువు. అన్నమదేవుడు పుట్టక ముందు ఎన్నో వందల ఏళ్ల కిందటే ఈ రెండూ వేరు కాపురాలు పెట్టాయి. పాలు అక్కడా పాలే, నెత్తురు నెత్తురే. ఏర్ అంటే వాళ్లకు నీళ్లు, మనకు నీళ్లు పారే ఏరు. పండుగను పండుం అంటారు. 2011 జనగణనలో తమ మాతృభాష గోండి అని రాయించుకున్నవాళ్లు 29 లక్షల మందికి పైనే. వాళ్లందరి మధ్యా పెరిగి నేను దాన్ని నోరు తిరగని తెలుగు అనుకున్నాను.

అన్నిటికంటే నన్ను కుదిపేసింది ఐదు, ఆరు. మూల ద్రావిడంలో ఈ రెండు మాటల మొదట చకారం ఉండేదని, తెలుగులో అది ఊడిపోయి ఐదు, ఆరు మిగిలాయని కృష్ణమూర్తి గారు చూపించారు. గోండిలో అది పూర్తిగా పోలేదు. పడమటి, ఉత్తరపు గోండి మాండలికాల్లో సకారమై నిలిచింది: సైయుంగ్, సారుంగ్. మధ్యలోకి వచ్చేసరికి హకారమైంది. ఇంకా దక్షిణానికి, తెలుగు నేల అంచులకు దిగితే ఏమీ మిగలదు. ‘స’ నుంచి ‘హ’కు, ‘హ’ నుంచి శూన్యానికి జరిగిన ఈ మార్పు ఒక్కొక్క మాటనే పట్టుకుని ఎలా పాకిందో ఆయన 1998లో ప్రత్యేకంగా ఒక వ్యాసమే రాశారు. అంటే బాయి ‘హారుంగ్’ అన్నప్పుడు ఆ హకారంలో, మన భాష ఎప్పుడో పోగొట్టుకున్న అక్షరం తాలూకు ఊపిరి ఇంకా ఉంది. రోజూ అన్నం ముందు కూర్చుని నేను దిద్దింది దాన్నే.

దసరా సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అమ్మకు చెప్పాను. అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ‘చుట్టాల ముందు నిలబెట్టి చెప్పించేవాళ్లం’ అంది. అది మాత్రం అంది. మర్నాడు తనే బయల్దేరదీసింది. కార్తీకంలో వ్రతానికి విస్తళ్లు కావాలి, బాయి దగ్గరే తీసుకుందాం అంది.

బాయి ఊరు కొండ కిందే. బచేలీ నుంచి బండి మీద పావుగంట. ఇరవై నాలుగేళ్లలో నేను అక్కడికి వెళ్లడం అదే మొదటిసారి. జుట్టు నెరిసింది కానీ మనిషి గట్టిగానే ఉంది. ఇప్ప చెట్టు కింద కూర్చుని అడ్డాకులు వెదురు పుల్లలతో కుడుతోంది. నన్ను చూసి లేచి, నా భుజాలు నొక్కి చూసి, ఏమీ తినడం లేదా అని హిందీలో అడిగింది.

ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. అలాగే చెప్పేశాను. నువ్వు తెలుగు తప్పుగా పలుకుతున్నావని అనుకున్నాను, అది నీ భాష అని తెలియదు, నన్ను క్షమించు అన్నాను. ఆమె పుల్ల విరుస్తూ విని, ‘నీ మాట నువ్వు చెప్పావు, నేను నేర్చుకున్నాను. ఇప్పటికీ వచ్చు’ అని ఒకటి నుంచి ఏడు దాకా స్పష్టమైన తెలుగులో చెప్పింది. అమ్మ పమిట చెంగుతో కళ్లు ఒత్తుకుంది.

‘మరి నీ మాట నాకెందుకు చెప్పలేదు?’ అన్నాను.

‘రోజూ చెప్పేదాన్ని కదా’ అంది.

కాసేపాగి మళ్లీ అంది: ‘నీ రెండూ నా రండూ ఒకలాగే ఉంటాయి. వీళ్లూ మనమూ ఎక్కడో ఒకచోటి నుంచే వచ్చి ఉంటామని మా ఆయనతో అప్పుడే అన్నాను.’

పండితులు ఎన్నో ఏళ్లు శ్రమించి గ్రంథాల్లో రాసిన సంగతిని ఆమె మా వంటింటి గుమ్మం దగ్గర, నా నోట్లో ముద్ద పెడుతూ కనిపెట్టింది. ఇద్దరం అవే అంకెలు విన్నాం. ఆమెకు చుట్టరికం వినబడింది, నాకు తప్పు వినబడింది. ఇంటర్వ్యూలో నేను చెప్పాల్సింది ఇది: మా ఇంట్లో ఒకామె ఎనిమిదేళ్లపాటు నాకు అంకెలు నేర్పింది, నేను నేర్చుకోలేదు.

విస్తళ్ల కట్ట నా ముందు పెట్టి లెక్కపెట్టమంది. నేను ఒక్కో విస్తరీ తీసి అమ్మకు అందిస్తూ మొదలుపెట్టాను. ఉండి. రండ్. మూండ్. నాలుంగ్. హైయుంగ్ దగ్గర కాస్త తడబడ్డాను, ఆమె దిద్దింది. హారుంగ్. ఏడో విస్తరి పట్టుకుని ఆగిపోతే ‘ఏడుంగ్’ అని అందించింది.

‘ఎనిమిదిని ఏమంటారు?’

‘ఆఠ్’ అంది. అది పక్క భాషలైన హల్బీ, హిందీల మాట. మీ మాటలో ఏమంటారని మళ్లీ అడిగాను. ఆమె చేతిలో ఆకు పక్కన పెట్టి కొండ వైపు చూస్తూ ఆలోచించింది.

‘మా అవ్వ ఏదో అనేది. నాకు గుర్తు రావడం లేదు’ అని ఎనిమిదో విస్తరి తనే తీసి నా చేతిలో పెట్టింది.