వనవిహారము

విశాఖపట్టణమునకు కూతవేటు దూరముననున్నదియు, ఒకప్పుడు విజయనగర ప్రభువుల యధీనమున నుండినదియు, 2002లో అభయారణ్యముగ ప్రకటింపబడినదియునగు కంబాలకొండకు ఆదివారమునాడు సకుటుంబముగ వేంచేయు మహాశయులు పులిహోర గిన్నెలు, స్పీకరుపెట్టె, మడతకుర్చీలు, అత్తగారి మోకాళ్ల తైలము సమస్తమును మోసికొనివచ్చి, నిశ్శబ్దమును మాత్రము ఇంటనే మరచివత్తురు. చిరుతపులి కనబడలేదని టిక్కెట్టు కిటికీకడ తగవులాడు గృహస్థుని గొంతు విన్నపిమ్మట (నేనే చిరుతనైనచో సింహాచలము కొండ దాటి పారిపోయియుందును!) ఏ మృగమునకు దర్శనమీయ బుద్ధిపుట్టును? చెట్టుచాటు కోతితల్లి యొక్కతియే ధైర్యము చేసి, పసివాని చేతి చిప్సు పొట్లమును ఒడుపుగ లాగికొని, దాని మూతి పంటితో చింపి, మసాలా ఘాటునకు తుమ్మి, చంకలోని పిల్లకు మనవంక చూపించుచుండును. టిక్కెట్టు లేని వినోదము గదా!