కండువా కింద బేరం

హ్యాండ్లింగ్ చార్జీలు 10,000. దాని మీద జీఎస్టీ 18 శాతం. వెరసి 11,800. కొటేషన్ కాగితంలో కింది నుంచి మూడో వరస. ఆ ఒక్క వరస కొన్నాళ్ళుగా నాకు అన్నం సహించనివ్వడం లేదు. దేవుడి పటం ముందు కళ్ళు మూసుకున్నా అదే కనిపిస్తోంది. అసలు బండిని ఎవరు మోశారు? ఎక్కడి నుంచి ఎక్కడికి మోశారు? షోరూమ్ వెనక ఒక గోడ, గోడకో గేటు, గేటు అవతల యార్డు. కుర్రాడు తాళం తిప్పి గేటు ఇవతలికి తోలుకొచ్చాడు, అంతే. ఆ మాటకొస్తే వాడు బండిని మొయ్యలేదు, బండే వాణ్ణి మోసుకొచ్చింది. న్యాయంగా వాడే బండికి ఇవ్వాలి.

అద్దాల తలుపు, ఏసీ, మెత్తటి సోఫా, ‘టీయా కాఫీయా సార్?’ లాంటి మర్యాదలన్నీ మీకు తెలిసినవే, వదిలేస్తున్నాను. కొనేవాడు మా అక్క కొడుకు. డిగ్రీ అయ్యాక గ్రూప్స్ పేరు చెప్పి కొన్నేళ్ళపాటు కోచింగ్ సెంటర్లకి మహారాజ పోషకుడిగా ఉండి, చివరికి ఒక చిన్న ట్రక్కు కొనుక్కుని నూజివీడు తోటల నుంచి నున్న మార్కెట్‌కి మామిడికాయలు తోలతానన్నాడు. 2005లో టాటా వాళ్ళ ఏస్ రోడ్డెక్కినప్పటి నుంచీ ఈ సైజు బండి ఏ కంపెనీదైనా జనం నోట్లో అది ‘చోటా హాథీ’యే. మేం బేరమాడింది ఏ ఏనుగో మాత్రం చెప్పను. మావటీలందరి అంకుశమూ ఒకటే.

బేరానికి పెద్ద దిక్కుగా మా మేనమామని వెంటబెట్టుకుని వెళ్ళాం. డెబ్బై దాటిన మనిషి. జేబులో పేపర్ కటింగ్ మడతపెట్టుకుని వచ్చాడు. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గిందన్న వార్త అది. దాన్ని బల్ల మీద పరిచి, కళ్ళజోడు సర్దుకుని, సేల్స్ కుర్రాడితో ‘ఏం బాబూ, ఎంత తగ్గిస్తావు?’ అన్నాడు.

‘అది తగ్గించే ఈ రేటు వేశాం సార్.’

‘అది గవర్నమెంటు తగ్గించింది. నువ్వెంత తగ్గిస్తావు?’

‘జీఎస్టీ పదిశాతం తగ్గింది కదా సార్, అంతకంటే డిస్కౌంట్ ఎవరిస్తారు?’

పెళ్ళిలో పక్కవాడు చదివించిన కవరు మీద తన పేరు రాయించుకునే మనిషి ఇలాగే మాట్లాడతాడు. ఎక్స్-షోరూమ్ ధర కంపెనీది, దాన్ని ముట్టుకోకూడదు. టాక్సు గవర్నమెంటుది, ముట్టుకోకూడదు. రిజిస్ట్రేషన్ ఆర్టీవో వాళ్ళది. ఇన్సూరెన్సు ఇన్సూరెన్సు వాళ్ళదే గానీ వీళ్ళ దగ్గరే చెయ్యాలట. ఎక్కడైనా చేయించుకునే హక్కు కొనేవాడికుంది కదయ్యా అంటే, ‘ఉంది సార్, కానీ అప్పుడు ఆఫర్ వర్తించదు’ అన్నాడు. ఏ ఆఫర్? ఇంతవరకూ ఏమీ ఇవ్వనే లేదే! ఇవ్వనిది వర్తించకుండా పోవడం నేను వినడం అదే మొదలు.

మేం గట్టిగా అడిగినప్పుడల్లా కుర్రాడు ‘ఒక్క నిమిషం, మేనేజర్ గారిని అడిగొస్తా’ అని లేచి వెళ్ళేవాడు. ముఖం వేలాడేసుకుని తిరిగొచ్చి ‘సార్ ఒప్పుకోవట్లేదు సార్’ అనేవాడు. నేను మంచినీళ్ళ వంకతో అటు వెళ్ళి చూశాను. అద్దాల గదిలో కుర్చీ ఉంది, కుర్చీ మీద టవల్ ఉంది, మేనేజర్ లేడు. కుర్రాడు ఖాళీ కుర్చీ ఎదురుగా నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు. ఒప్పుకోనిది ఆ టవలే కాబోలు.

టవలంటే గుర్తొచ్చింది. మా మావయ్య ఒకప్పుడు మా చుట్టుపక్కల ఎడ్ల బేరానికి పెట్టింది పేరు. సంతలో బేరం నోటితో ఆడరు. దళారి చేతి మీద కండువా కప్పుతాడు, దాని కింద వేళ్ళు పట్టుకుంటారు. ఎన్ని వేళ్ళు నొక్కితే అన్ని వేలు. వేలు మధ్యలో నొక్కితే అర. చుట్టూ యాభై మంది నిలబడి చూస్తున్నా ధర ఎవరికీ తెలియదు. పైన ముఖాలు మాత్రం వానల గురించీ, వియ్యంకుడి కీళ్ళనొప్పుల గురించీ మాట్లాడుతుంటాయి. కింద భారతయుద్ధం జరుగుతుంటుంది. ఒకసారి మావయ్య ఒంగోలు జత కోసం పొద్దున్నే కండువా కింద పెట్టిన చెయ్యి మధ్యాహ్నం దాకా బయటికి తియ్యలేదు. ఒక చేత్తో బేరం, రెండో చేత్తో మిరపకాయ బజ్జీలు. దళారి కూడా మొండివాడే, తనూ ఎడమచేత్తో టీ తాగాడు. ఆఖరికి మావయ్య చిటికెన వేలు ముడుచుకుంటే అవతలివాడు దాన్ని బలవంతంగా తెరిచాట్ట. ఇంటికొచ్చేసరికి ఆ వేలు వంకాయంత వాచింది. వారం రోజులు అత్తయ్యే అన్నం కలిపి పెట్టింది. ‘ఎంతకి కొన్నారు?’ అని ఆవిడ అడిగితే వాచిన వేలు ఎత్తి చూపించేవాడట. ఆ వేలు వెయ్యో, అయిదు వందలో ఆవిడ చివరి రోజు దాకా తేల్చుకోలేకపోయింది.

కండువా దాకా రావడానికి ముందు పళ్ళ పరీక్ష ఉంటుంది. ఎద్దుకి ముందువైపు పై పళ్ళుండవు. కింద ఎనిమిది. పాలపళ్ళు ఊడి జతలు జతలుగా కొత్తవి వస్తాయి. రెండు పళ్ళది, నాలుగు పళ్ళది, ఆరు పళ్ళది అంటూ వయసు చెబుతారు. అమ్మేవాడు ఎన్ని కథలు చెప్పినా ఎద్దు నోరు తెరిస్తే అబద్ధం ఉండదు. తర్వాత సుడులు, తర్వాత గిట్టలు, తర్వాత నడిపించి చూడటం. మావయ్య తోక ఎత్తి కూడా చూసేవాడు. ఎందుకని అడిగితే ఇంతవరకూ చెప్పలేదు. వృత్తి రహస్యమట.

అలాంటి మనిషి ఏసీ గదిలో ఎంతసేపని సోఫాలో కూర్చుంటాడు? లేచి బండి చుట్టూ ప్రదక్షిణ చేశాడు. టైరు తట్టాడు. వెనక డాలా దించి కిందికి వంగి చూశాడు. పాత అలవాటు మరి! చివరికి ‘దీనికి పళ్ళెన్ని?’ అన్నాడు. కుర్రాడు గేర్ల గురించనుకుని ‘అయిదు సార్, రివర్స్ కాకుండా’ అన్నాడు. ‘పుట్టిందెప్పుడురా అంటున్నాను!’

కంపెనీ ప్లేటు మీద తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. రేపు ఆర్సీలోకి ఎక్కేది అదే. మేం వెళ్ళింది మార్చిలో, ప్లేటు మీదున్నది కిందటి నవంబరు. సంవత్సరం మారిందంటే బండి నిన్న రోడ్డెక్కినా, అమ్మేటప్పుడు ఒక ఏడాది ముసలిదే. ‘కొత్తదన్నావు, ఇది నాలుగు పళ్ళది!’ అని మావయ్య గర్జించాడు. సోఫాల్లో కూర్చున్నవాళ్ళంతా ఇటు తిరిగారు. కుర్రాడు మొదటిసారి మేనేజర్‌ని అడగకుండానే 15,000 దించాడు. మార్చి నెలాఖరు, పైగా వాడి టార్గెట్‌కి రెండు బండ్లు తక్కువట. అది తర్వాత తెలిసింది.

విజయగర్వంతో మావయ్య తర్వాత చేసిన పనికి నేను సిద్ధంగా లేను. భుజం మీది కండువా తీసి కుర్రాడి కుడిచేతి మీద కప్పి, కింద నుంచి రెండు వేళ్ళు గట్టిగా నొక్కాడు. హ్యాండ్లింగ్ చార్జీలు రెండు వేలకి తెంచమని దాని భావం. కుర్రాడు కొయ్యబారిపోయాడు. చెయ్యి లాక్కుంటే పెద్దాయనకి కోపం, లాక్కోకపోతే పైన సీసీ కెమెరా. నా వైపు తిరిగి మెల్లిగా ‘సార్, పెద్దాయనకి బీపీ ఏమైనా ఉందా? నీళ్ళు తెప్పించనా?’ అన్నాడు.

నవ్వుకున్నాం. నవ్వు ఆగాక చూస్తే మావాడూ ఆ కుర్రాడూ ఏదో మాట్లాడుకుంటున్నారు. కుర్రాడిదీ డిగ్రీయేనట. వాడూ గ్రూప్-2 రాశాడట, మావాడు రాసిన ఏడే. ఏ ప్రశ్నకి ఏ జవాబు పెట్టావని ఒకరినొకరు అడుగుతున్నారు. అదే చదువు, అదే ఫెయిలు. ఒకడు బల్లకి అటు, ఒకడు ఇటు. మేం పూటంతా పీక్కున్న 11,800లో ఆ కుర్రాడి జేబులోకి వెళ్ళేదెంతో వాడూ చెప్పలేదు, నేనూ అడగలేకపోయాను. సంతలో ఎద్దుని అమ్ముకున్న రైతు పలుపు విప్పి ఇచ్చేటప్పుడు దాని మెడ నిమిరేవాడు. ఇక్కడ బండి వెళ్ళిపోతుంటే ఎవరికీ ఏమీ అనిపించదు. టార్గెట్‌కి ఇంకొకటి తక్కువుందని ఆ కుర్రాడికి అనిపిస్తుందేమో.

ఫైనాన్సు బల్ల దగ్గరికి వచ్చేసరికి అందరం అలిసిపోయాం. వాళ్ళకి కావలసింది అదే. ఆరు లక్షల అప్పు, నాలుగేళ్ళు, ‘ఎనిమిది శాతమే సార్, ఫ్లాట్’. నెలకి 16,500. మావాడు పెన్ను తీశాడు. మ్యాట్లూ సీటు కవర్లూ ఫ్రీగా రాబట్టానన్న తృప్తిలో నేనూ నోరెత్తలేదు. మావయ్య మాత్రం కాగితం తిప్పి వెనకవైపు లెక్క కట్టాడు. నెలకి అసలు 12,500, వడ్డీ 4,000.

‘ఇదిగో బాబూ, ఆఖరి నెల నా దగ్గరుండే అసలెంత?’

‘12,500 సార్.’

‘దానికి నెల వడ్డీ నాలుగు వేలా? నూటికి ముప్ఫై రెండు రూపాయలా? ఈ ఊళ్ళో 2015లో కాల్‌మనీ వడ్డీ వ్యాపారుల్ని పట్టుకున్నప్పుడు పేపర్లో చదివాను. వాళ్ళేమైనా ఇక్కడ ఉద్యోగంలో చేరారా?’

ఆయన లెక్కలో కొంత గడుసుతనం ఉంది, ఒప్పుకోవాలి. ఒక్క ఆఖరి నెల పట్టుకుని మొత్తాన్ని తూచకూడదు. కానీ ఇంటికెళ్ళి సరిగ్గా కట్టి చూసినా, తీరుస్తూ పోయే అసలు మీద ఆ ఎనిమిది శాతం పద్నాలుగు దాటింది. ఊళ్ళ భాషలో నూటికి నెలకి రూపాయి ఇరవై పైసల వడ్డీ. బ్యాంకులో తక్కువకి వస్తుంది కదా అంటారేమో, వెళ్ళాం. ఆదాయపు పన్ను రిటర్నులు తెమ్మన్నారు. ఆదాయమే లేకపోబట్టి బండి కొంటున్నవాడు రిటర్నులు ఎక్కణ్ణుంచి తెస్తాడు? మామిడి కాపు ఎవరి ఫైలు కోసమూ ఆగదు. షోరూమ్ ఫైనాన్సుకే సంతకం పెట్టాడు. సంతకానికి ముందు మావయ్య గంటసేపు కుర్చీలోంచి లేవకుండా కూర్చుంటే ఎనిమిది కాస్తా ఏడున్నరకి దిగింది.

మీరు రేపు బండి కొనడానికి వెళితే మ్యాట్ల కోసం గొంతు చించుకోకండి, ఓపిక ఆఖరి బల్ల కోసం దాచుకోండి. ఆ అరశాతం ఆరు లక్షల మీద నాలుగేళ్ళకి 12,000. మా హ్యాండ్లింగ్ చార్జీల కంటే రెండు వందలు ఎక్కువ.