నవ్వుకు బెయిలు

టీవీ చర్చలో పక్కనున్నవాడు నోరు పారేసుకుంటే యాంకర్ ఏం చేసినా ఫరవాలేదు గానీ, నవ్వకూడదు. 2025 జూన్ దాకా ఈ సంగతి మనకెవరికీ తెలియదు. సాక్షి చానల్ చర్చకు వచ్చిన ఓ అతిథి అమరావతి మహిళల గురించి నోటికొచ్చినట్టు వాగాడు. అది నీచమైన మాటే, అందులో రెండో అభిప్రాయం లేదు. అయితే అన్నాయన కన్నా ముందు విన్నాయన లోపలికి వెళ్ళాడు. ఆంధ్రా పోలీసులు హైదరాబాద్ దాకా వచ్చి, కార్యక్రమం నడిపిన కొమ్మినేని శ్రీనివాసరావును పట్టుకెళ్ళారు. వాడు వాగుతుంటే మీరు నవ్వారు కదా అన్నారు. జూన్ 13న సుప్రీంకోర్టు ఆయన్ని వదిలెయ్యమంది. ఎవరైనా అడ్డదిడ్డంగా మాట్లాడితే నవ్వొస్తుంది, అంతమాత్రాన కుట్రలో భాగస్వామి అయిపోతాడా అని అడిగింది. నవ్వుకు బెయిలిచ్చే కోర్టు ఢిల్లీలో ఉంది కాబట్టి, బెజవాడలో నవ్వదలచుకున్నవారు రైలు ఛార్జీలు జేబులో వేసుకుని నవ్వడం మంచిది.

ఆంధ్రా కూటమి ప్రభుత్వాన్ని ఆడిపోసుకుంటున్నానని ఎదుటి వైఎస్సార్ కాంగ్రెస్ వారు సంబరపడనక్కర్లేదు. వాళ్ళింట్లో ఇది వారసత్వపు ఆస్తి. 2007 ఫిబ్రవరిలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం జీవో 938 తెచ్చింది. సర్కారు పరువు తీసే వార్త వస్తే కేసు పెట్టే అధికారం సమాచార శాఖకు ఇచ్చింది. జర్నలిస్టులు గోల చేశారు, జీవో అటకెక్కింది. 2019 అక్టోబర్ 30న, ముఖ్యమంత్రి అయిన కొడుకు దాన్ని కిందికి దించి, దుమ్ము దులిపి, 2430 అని కొత్త నంబరేశారు. ఈసారి ఆ అధికారం ఒక్క శాఖకే కాదు, శాఖలన్నిటి కార్యదర్శులకూ దక్కింది. రోడ్డు మీద గుంతలు పూడ్చడానికి నిధుల్లేని శాఖకు కూడా పరువు కాపాడుకునే అధికారం వచ్చేసింది. పన్నెండేళ్ళలో జీవో నంబరు రెండున్నర రెట్లు పెరిగింది. అభివృద్ధి లేదని ఎవరన్నారు?

2021లో ఇంకో మెట్టెక్కారు. సొంత పార్టీ ఎంపీయే ప్రభుత్వాన్ని తిడితే, ఆ తిట్లు ప్రసారం చేసిన టీవీ5, ఏబీఎన్‌ల మీద రాజద్రోహం కేసు పెట్టారు. మే 31న సుప్రీంకోర్టు ఆ చానళ్ళ జోలికి పోవద్దంది. కోవిడ్ మృతదేహాన్ని నదిలో పడేస్తున్న దృశ్యం ఏదో చానల్లో వచ్చింది, దాని మీద ఇంకా రాజద్రోహం కేసు పెట్టలేదా అని జస్టిస్ చంద్రచూడ్ అదే రోజు చురక వేశారు. న్యాయమూర్తులే వ్యంగ్యం మొదలుపెడితే మాబోటి కాలమిస్టుల గతేం కాను!

ఇక తెలంగాణ. 2014 సెప్టెంబర్‌లో కాళోజీ శతజయంతి వచ్చింది. జీవితమంతా అధికారాన్ని నిలదీసిన కవి పేరిట జరిగిన పండగలో, వరంగల్ వేదిక మీద నుంచి ముఖ్యమంత్రి కేసీఆర్ మీడియాకు ఒక హామీ ఇచ్చారు. తెలంగాణను కించపరిస్తే పది కిలోమీటర్ల లోతున పాతిపెడతానన్నారు. సింగరేణి వాళ్ళే అంత లోతుకు దిగలేదు. అప్పటికే టీవీ9, ఏబీఎన్ కేబుల్లో కనపడకుండా పోయాయి. ప్రభుత్వమేమో మాకేం సంబంధం, అది కేబుల్ వాళ్ళిష్టం అంది. ఆయన దిగిపోయాక మార్పు వచ్చింది. నిజంగానే వచ్చింది. 2025 మార్చిలో, ఓ రైతు కొత్త ముఖ్యమంత్రిని తిట్టిన వీడియో పెట్టారని ఇద్దరు మహిళా జర్నలిస్టులను అరెస్టు చేశారు. అందులో ఒకరి ఇంటి తలుపు తట్టింది తెల్లవారుజామున. పది కిలోమీటర్లు తవ్వే శ్రమ తప్పించారు, ఆ మేరకు ప్రజాధనం ఆదా.

వీళ్ళందరికీ అందుబాటులో ఉన్న సామాన్లలో నాకు బాగా నచ్చింది ఐటీ చట్టంలోని 66ఏ. ఇంటర్నెట్‌లో ఎవరికైనా చిరాకు తెప్పిస్తే మూడేళ్ళ జైలు. దీన్ని 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టేసింది. మామూలుగా చచ్చినవాళ్ళ మీద కేసు కొట్టేస్తారు. ఇక్కడ చచ్చిన సెక్షనే బతికున్నవాళ్ళ మీద కేసులు పెడుతూ పోయింది. 2021లో లెక్క తీస్తే పదకొండు రాష్ట్రాల్లో 745 కేసులు ఇంకా నడుస్తున్నాయని కోర్టు ముందుకొచ్చింది. న్యాయమూర్తులు నిర్ఘాంతపోయారు. అప్పుడు అటార్నీ జనరల్ వేణుగోపాల్ గుట్టు విప్పారు. పుస్తకంలో సెక్షన్ అలాగే అచ్చయి ఉంది, కొట్టేశారన్న ముక్క అడుగున ఫుట్‌నోట్‌లో ఉంది, పోలీసులు ఫుట్‌నోట్ చదవరు. రాజ్యాంగం ఇచ్చిన వాక్ స్వాతంత్య్రానికీ మన ఠాణాకూ మధ్య అడ్డున్నది అచ్చుయంత్రంలో అక్షరాల సైజన్నమాట. దీనికి జీవో అక్కర్లేదు, ఎస్సైకో కళ్ళజోడు చాలు.

ఈ వ్యవహారంలో నేను మనస్ఫూర్తిగా జాలిపడేది ఖండన ప్రకటనలు రాసే పార్టీ ఆఫీసు గుమాస్తాల మీద. 2019లో జీవో 2430ని నిరసించి, పత్రికా స్వేచ్ఛ గొంతు నులిమేస్తున్నారని గగ్గోలు పెట్టింది తెలుగుదేశం. 2025లో కొమ్మినేని అరెస్టును నిరసించి అదే గగ్గోలు పెట్టింది వైఎస్సార్ కాంగ్రెస్. రెంటిలోనూ గొంతు అదే, నులమడం అదే. పాత కాపీ ఎదుటి ఆఫీసు నుంచి తెప్పించుకుంటే పేర్లు మార్చే పని తప్ప ఇంకేం ఉండదు. ఆంధ్రలో మళ్ళీ ఎన్నికలు 2029లో. ఎవరికి జీవో కావాల్సొస్తుందో, ఎవరికి ఖండన కావాల్సొస్తుందో తెలియదు కాబట్టి రెండు ఆఫీసుల వాళ్ళూ రెండు ఫైళ్ళూ దగ్గర పెట్టుకోండి.