1010కి ప్రో లేదు

ఒకే కంపెనీ చేసిన రెండు వస్తువులను వేరుగా గుర్తుపట్టడానికి పెట్టేదే మోడల్ నంబరు. నిర్వచనం ఇంతే. ఆచరణలో మాత్రం అది వస్తువు వెనకాల, చీమ కాళ్లంత అక్షరాల్లో, టీవీని గోడకు బిగించాక ఎవరికీ కనబడని చోట ఉంటుంది.

నంబర్లంటే జనానికి బెరుకు లేదు. చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో బోరు కింద వరి వేసే రైతు విత్తనాల దుకాణానికి పోయి 1010, 5204, 15048 అని తడబడకుండా అడుగుతాడు. అసలు పేర్లలో ఈ నంబర్ల ముందుండే అక్షరాలు వంగడం పుట్టిన ఊరు చెబుతాయి. ఎంటీయూ అంటే మారుటేరు, బీపీటీ అంటే బాపట్ల, ఆర్ఎన్ఆర్ అంటే ఇదే రంగారెడ్డి జిల్లాలోని రాజేంద్రనగర్. బీపీటీ 5204, అదే సాంబ మసూరి, 1986లో విడుదలైంది. ఇన్నేళ్లలో ఆ నంబరుకు ప్లస్ తగల్లేదు, మ్యాక్స్ తగల్లేదు. ఎరువుల సంచి ఇంకా నిజాయితీపరురాలు. 20-20-0-13 అంటే నత్రజని 20 శాతం, భాస్వరం 20, పొటాష్ సున్నా, గంధకం 13. తనలో లేనిదాన్ని సున్నా అని నెత్తిమీదే రాసుకున్న సరుకు బజారులో మరొకటి దొరకదు. చిలుకూరు బాలాజీ గుడిలోనూ లెక్క తేటగా ఉంటుంది: కోరిక కోరేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108. నడుమ ‘11 లైట్’ లేదు.

ఎలక్ట్రానిక్ సరుకుల నంబర్లు మూడు జాతులు.

మొదటిది నిజం చెప్పే జాతి. బండి తాళంలో, ఇంటి తూకం మిషన్‌లో ఉండే బిళ్ల సెల్లు మీద సీఆర్2032 అని ఉంటుంది. సీ అంటే లిథియం రకం, ఆర్ అంటే గుండ్రన, 20 అంటే అడ్డకొలత 20 మిల్లీమీటర్లు, 32 అంటే మందం 3.2 మిల్లీమీటర్లు. స్కేలు పెట్టి కొలిచినా తప్పు పట్టలేం.

రెండోది సగం చెప్పే జాతి. ఏసీ నంబరులో 18 కనబడితే చాలాసార్లు గంటకు 18,000 బీటీయూలు, అంటే ఒకటిన్నర టన్ను. టన్ను ఏసీ బరువు కాదు. ఒక టన్ను మంచు ఒక రోజులో కరగడానికి ఎంత వేడి పడుతుందో, రోజుకు అంత వేడిని గదిలోంచి బయటికి తోడే శక్తి. ఇద్దరు కుర్రాళ్లు ‘ఒకటిన్నర టన్ను’ను భుజాన వేసుకుని మెట్లెక్కుతుంటే ఎవరూ నోరెళ్లబెట్టనక్కర్లేదు. టీవీలదీ ఇదే తంతు. శాంసంగ్ యూఏ43సీయూ7700కేఎల్ఎక్స్ఎల్ అనే పేరులో 43 అంగుళాలు, సీ 2023 సంవత్సరం, 7700 సిరీస్. ఆ కంపెనీ 2020కి టీ అక్షరం వాడి, 2021కి మళ్లీ ఏ దగ్గరికి వచ్చింది. చివరి అక్షరాలు ఏ దేశపు బజారుకో చెబుతాయి, బనియన్ సైజు కాదు.

మూడోది ఏమీ చెప్పని జాతి. ఫోన్లన్నీ ఇక్కడే. 2021లో మన దేశంలో రెడ్‌మీ నోట్ 10, 10 ప్రో, 10 ప్రో మ్యాక్స్, 10ఎస్, 10టీ, 10 లైట్ ఒకదాని వెనక ఒకటి దిగాయి. లైట్ అనేది అంతకుముందు ఏడాది నోట్ 9 ప్రోకు కొత్త పేరు. ఇక్కడ ప్రో మ్యాక్స్‌గా అమ్మిన 108 మెగాపిక్సెళ్ల ఫోనే బయటి దేశాల్లో ఉత్త ప్రో. దుబాయ్ నుంచి బావ తెచ్చిన ప్రో, మొయినాబాద్‌లో బామ్మర్ది కొన్న ప్రో ఒకటి కావు. లెక్క పెట్టడంలోనూ ఈ జాతికి పట్టింపు తక్కువ. ఐఫోన్ 2017లో 8 తర్వాత నేరుగా పదికి పోయింది, ఆ పదిని ఎక్స్ అని రాసింది. వన్‌ప్లస్ 3టీ తర్వాత 5 వచ్చింది. గెలాక్సీ ఎస్10 మరుసటి ఏడాది ఎస్20 అయింది. అంగన్‌వాడీలో పిల్లవాడు ఇట్లా లెక్కపెడితే టీచరమ్మ మళ్లీ ఒకటి నుంచి చెప్పమంటుంది.

కారణాలు లేకపోలేదు. ఫ్యాక్టరీకి ఏ దేశం, ఏ ఏడాది, ఏ మార్పు అన్నది తెలియాలి, విడిభాగం దాన్ని బట్టే పంపాలి. కంపెనీకి ఏటా కొత్తది వచ్చినట్టు కనబడాలి. ఒకే సరుకును ఆన్‌లైన్‌కు ఒక నంబరుతో, షోరూముకు ఇంకో నంబరుతో ఇచ్చే పద్ధతీ ఉంది. నంబరు వేరైతే ధర పోల్చడం కుదరదు. ఈ లెక్కల్లో కొనేవాడి వంతు బిల్లు కట్టడం వరకే.

జనం తమ మందు తామే వేసుకున్నారు. చేవెళ్ల దగ్గర జాతీయ రహదారి 163 అంటే తెల్లమొహం వేసేవాళ్లు కూడా బీజాపూర్ రోడ్డు అంటే మర్రిచెట్లతో సహా చూపిస్తారు. 2003లో వచ్చి ప్రపంచంలో 25 కోట్లకు పైగా అమ్ముడైన నోకియా 1100 ఊళ్లలో టార్చిలైటు ఫోను. డబుల్ ఏ సెల్లు పెన్సిల్ సెల్లు. ఈ పేర్లు కొనేటప్పుడు చాలు, రిపేరుకు చాలవు. రిపేరు షాపులో సంభాషణ ఎప్పుడూ ఒకే తీరున నడుస్తుంది.

“మోడల్ నంబర్ ఏందన్నా?”

“నల్లగుంటది. పెద్దది.”

“అన్నీ నల్లగనే ఉంటయే.”

“కరెంటు పోయొస్తె ఎర్రలైటు కొట్టుకుంటది సూడు, అది.”

అక్కడి నుంచి ఇంటికి ఫోను పోతుంది. ఇంట్లో ఒకరు కుర్చీ ఎక్కుతారు, ఒకరు కుర్చీ పట్టుకుంటారు, చెంప గోడకు ఆనించి టీవీ వెనక టార్చి కొడతారు. సున్నాను ‘ఓ’ అని, బీని ఎనిమిది అని చదువుతారు. ఆ నంబరు చెప్పి తెప్పించిన టీవీ రిమోట్ పనిచేయదు.

నివారణ ఒక్కటే. బిల్లులో మోడల్ నంబరును చివరి అక్షరం దాకా రాయించుకోవాలి. టీవీని గోడకెక్కించే ముందే దాని వెనక స్టిక్కరును ఫోటో తీసి పెట్టుకోవాలి.